పేరు పోతపోసినవాడు, పేరు అచ్చువేసినవాడు

1963లో దక్షిణ కాలిఫోర్నియాలో రేసు కార్ల సామాన్లు తయారుచేసే కొద్దిమంది షాపు యజమానులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా ‘సెమా’ అని పిలిచే సంఘం అదే. దాని మొదటి అధ్యక్షుడు ఎడ్ ఇస్కెండేరియన్, క్యామ్‌షాఫ్ట్‌లు గ్రైండ్ చేసే మనిషి. ఆ వ్యాపారంలో ఆయనకన్నా ముందే పేరు తెచ్చుకున్న విక్ ఎడెల్‌బ్రాక్ అంతకు కొద్ది నెలల ముందు, 1962 నవంబరులో, 49 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు. బతికి ఉంటే ఆ కుర్చీ ఆయనకు దక్కేదా? నాకు అనుమానమే. ఆయన ఇంజనీరింగ్ తక్కువదని కాదు. సంఘం నడపాలంటే నోరుండాలి. ఎడెల్‌బ్రాక్‌కు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఇస్కెండేరియన్‌కు అది లేకపోతే పూట గడిచేది కాదు.

మామూలు కార్లను వేగం కోసం మార్చి కట్టుకునే హాట్ రాడ్‌ల చరిత్ర రాసేవాళ్ళకు వీళ్ళిద్దరినీ ఒకే గాటన కట్టే అలవాటుంది. ఇద్దరూ లేమి చూసినవాళ్ళే. ఇద్దరూ మొహావీ ఎడారిలో ఎండిన సరస్సుల మీద సొంత కార్లు పరుగెత్తించినవాళ్ళే. ఇద్దరూ చిన్న షెడ్డులో మొదలుపెట్టి దేశమంతా సరుకు అమ్మినవాళ్ళే. అంతా నిజం. కానీ ఆ తరంలో ఈ పనిలోకి దిగిన చాలామంది కథ ఇదే కాబట్టి దీనితో తేలేదేమీ లేదు. వీళ్ళను విడదీసి చూడాలంటే మనుషులను కాసేపు పక్కనపెట్టి వాళ్ళు చేసిన వస్తువులు చూడాలి. ఎడెల్‌బ్రాక్ చేసిన ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఇంజన్ నెత్తిన కూర్చుంటుంది. ఇస్కెండేరియన్ చేసిన క్యామ్ ఇంజన్ కడుపులో తిరుగుతుంది. ఒకదాన్ని బానెట్ ఎత్తిన ప్రతివాడూ చూస్తాడు. రెండోదాన్ని బిగించిన మెకానిక్ కూడా మళ్ళీ ఇంజన్ విప్పేదాకా చూడలేడు. ఇద్దరి గుణగణాలుగా మనం చెప్పుకునే వాటిలో చాలా భాగం ఈ ఒక్క తేడాలోంచి పుట్టిందే అని నా వాదన.

ముందు ఎడెల్‌బ్రాక్. 1913లో కాన్సాస్‌లో పుట్టాడు. 1927లో తండ్రి కిరాణా కొట్టు కాలిపోవడంతో పద్నాలుగేళ్ళకే చదువు ఆగింది. విచిటా పట్నం నుంచి ఫోర్డ్ మోడల్-టి కార్లను దూరపు పొలాల దాకా నడిపి అప్పజెప్పే పనిలో చేరాడు. ఆ దారుల్లో బండి నడపడమంటే సగం బాగుచేయడమే. 1931లో కాలిఫోర్నియా చేరి, 1934కల్లా లాస్ ఏంజెలెస్‌లో సొంత గరాజ్ పెట్టాడు. 1938లో కొన్న 1932 మోడల్ ఫోర్డ్ రోడ్‌స్టర్ ఆయన ప్రయోగశాల. వారమంతా అదే కారులో పనికి వెళ్ళేవాడు. సెలవు రోజున మడ్‌గార్డులూ లైట్లూ విప్పేసి ఎడారిలో అదే కారును పరుగెత్తించేవాడు.

ఆ కారులో ఉన్నది ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి-8. 1932లో వచ్చినప్పుడు 221 ఘనపు అంగుళాల ఇంజన్, 65 గుర్రాల బలం. సామాన్యుడు కొనగలిగిన మొదటి వి-8 అది. దాని జబ్బులూ అందరికీ తెలిసినవే. వాల్వులు పైన హెడ్‌లో కాక పక్కన బ్లాకులోనే ఉంటాయి. కాలిన పొగ బ్లాకు గుండా తిరిగి బయటికి పోవాలి కాబట్టి ఇంజన్ ఊరికే వేడెక్కుతుంది. ఊపిరి సరిపడా ఆడదు. ఊపిరి ఆడించాలంటే రెండు దార్లు: గాలీ పెట్రోలూ లోపలికి వెళ్ళే గొట్టాన్ని మార్చడం, లేదా తలుపులు తెరుచుకునే వేళను మార్చడం. మొదటిది మ్యానిఫోల్డ్ పని, రెండోది క్యామ్ పని.

అప్పటికి దొరుకుతున్న మ్యానిఫోల్డ్‌తో తృప్తిపడక ఎడెల్‌బ్రాక్ తనే ఒకటి గీసి అల్యూమినియంతో పోత పోయించాడు. రెండు కార్బ్యురేటర్లు మోసే ఆ మ్యానిఫోల్డ్‌కు ‘స్లింగ్‌షాట్’ అని పేరు పడింది. రెండు కార్బ్యురేటర్లు పెట్టడంలో గొప్ప లేదు. వాటి నుంచి వచ్చే మిశ్రమం ఎనిమిది సిలిండర్లకూ వంతులు తప్పకుండా అందడంలో ఉంది పనితనం. యుద్ధానికి ముందు చేసినవి వందే. అందుకే ఇవాళ పాతసామాన్లు పోగేసేవాళ్ళు వాటికోసం కొట్టుకుంటున్నారు. 1941 నవంబరు 16న రోసమండ్ సరస్సు మీద ఆ రోడ్‌స్టర్ గంటకు 121.42 మైళ్ళు, అంటే సుమారు 195 కిలోమీటర్లు, అందుకుంది. సరిగ్గా మూడు వారాలకు పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. యుద్ధకాలమంతా ఆయన ఓడల యార్డులో వెల్డింగ్, విమానాల విడిభాగాల పని చేశాడు. 1946లో మొదటి కేటలాగ్ అచ్చయింది.

పోత పోసిన వస్తువుకు ఒక వరం ఉంది. అచ్చులోనే పేరు చెక్కి పెట్టవచ్చు. పోసిన ప్రతి ముక్కమీదా అక్షరాలు ఉబ్బెత్తుగా లేచివస్తాయి. పార్కింగ్‌లో బానెట్ ఎత్తగానే చుట్టూ మూగినవాళ్ళు ముందు చదివేది ఆ పేరే. అలాంటి వస్తువు చేసేవాడికి వేరే ప్రకటన ఎందుకు? కొనుగోలుదారుడి కారే ఆయన బోర్డు.

క్యామ్ సంగతి వేరు. అది ఒక ఉక్కు కడ్డీ. దాని పొడవునా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరుగుతుంది. తిరుగుతున్నప్పుడు ఆ ఉబ్బు వాల్వును లేపుతుంది, దాటిపోగానే వాల్వు మూసుకుంటుంది. ఎంత ఎత్తు లేపాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి, పొగ తలుపు మూసుకోకముందే గాలి తలుపు ఎంత ముందుగా తెరవాలి — ఇంజన్ స్వభావమంతా ఈ మూడు లెక్కల్లో ఉంది. అంగుళంలో వెయ్యో వంతు కొలతల్లో నడిచే పని. కంపెనీ క్యామూ రేసు క్యామూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తెలియనివాడికి రెండూ ఒకటే. కొన్నాక బిగించాలి, బిగించాక మూసెయ్యాలి. అది పనిచేస్తోందనడానికి ఒకే గుర్తు బయటికి వస్తుంది. కారు ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నిలకడ లేకుండా దడదడలాడుతుంది. ఆ చప్పుడంటే కుర్రాళ్ళకు మోజు. వీధిలో నడిపే కారుకు ఏ మాత్రం పనికిరాని ‘ఫుల్ రేస్’ క్యామ్‌ను కేవలం ఆ చప్పుడు కోసం వేయించుకున్నవాళ్ళకు ఆ రోజుల్లో లోటు లేదు. ఇవాళ బుల్లెట్‌కు సైలెన్సర్ మార్పించుకునేవాళ్ళను చూసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇస్కెండేరియన్ 1921లో కాలిఫోర్నియాలోని టులేరీ కౌంటీలో ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టాడు. మంచు దెబ్బకు ద్రాక్షతోట పోయి కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు వచ్చింది. హైస్కూల్ వర్క్‌షాపులో పని నేర్చి, మోడల్-టి బాడీలో ఫోర్డ్ వి-8 పెట్టి రోడ్‌స్టర్ కట్టుకున్నాడు. ఆ ఇంజన్ మూతల మీద తన ఇంటిపేరు పోత పోయించుకోవడం మరిచిపోలేదు. కనిపించని సరుకు అమ్మబోయేవాడికి కనిపించడం ఎలాగో అప్పటికే తెలుసన్నమాట. 1942లో ఆ కారు 120 మైళ్ళు అందుకుంది. తర్వాత సైన్యంలో చేరి, సరుకు విమానాల్లో పసిఫిక్ దీవులకు తిరిగాడు. యుద్ధం అయ్యాక కారు మళ్ళీ కట్టుకోబోతే క్యామ్ కోసం నెలల తరబడి ఆగాల్సివచ్చింది. సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళందరికీ అదే కావాలి, చేసేవాళ్ళేమో వేళ్ళమీద లెక్కపెట్టేటంత. పాత సిలిండ్రికల్ గ్రైండర్ ఒకటి కొని, దాన్ని తనే క్యామ్ గ్రైండర్‌గా మార్చుకున్నాడు. కల్వర్ సిటీలో స్నేహితుడు జాన్ ఏథన్ షాపు వెనక ఒక మూల చాలింది.

ఇక్కడ మూడో మనిషిని తలుచుకోకపోతే అన్యాయమవుతుంది. ఎడ్ విన్‌ఫీల్డ్. 1901లో పుట్టిన ఈయన వీళ్ళిద్దరికన్నా ముందే రేసు కార్బ్యురేటర్లూ క్యామ్‌లూ చేసి, ఇండియానాపొలిస్ దాకా పేరు మోసినవాడు. ఒంటరి మనిషి, పనిని ఎవరికీ చూపించడని పేరు. ఇస్కెండేరియన్ విన్‌ఫీల్డ్ దగ్గరికి వెళ్ళి, చూడగలిగినంత చూసి, చూసింది బుర్రలో పెట్టుకుని వచ్చాడు. అందుకు ఆయన జీవితాంతం విన్‌ఫీల్డ్ పేరు చెప్పుకున్నాడు కూడా. కానీ విద్యలో విన్‌ఫీల్డ్ ఎక్కువైనా వ్యాపారం నిలిచింది శిష్యుడిదే. విన్‌ఫీల్డ్ దాచాడు, ఇస్కెండేరియన్ చాటాడు.

ఎలా చాటాడో చూడండి. తన పేరు అచ్చువేసిన టీషర్టులు పంచిన తొలి వ్యాపారుల్లో ఆయన ఒకడు. ఇవాళ ఇది మామూలు విషయం కావచ్చు. బనియను మీద షాపు పేరేమిటని నవ్విన రోజులవి. తిన్నని దారిలో పావు మైలు పరుగెత్తే డ్రాగ్ రేసుల్లో తన క్యామ్ వేసుకున్న కారు రికార్డు కొట్టిన మరుక్షణం పత్రికలో ప్రకటన పడేది. పోటీ క్యామ్ కంపెనీలు ఊరుకుంటాయా? అవీ అదే పేజీల్లో ఎదురు ప్రకటనలు వేసేవి. 1950ల చివర ఈ క్యామ్ యుద్ధాలు రేసులకన్నా రసవత్తరంగా సాగాయంటే అతిశయోక్తి కాదు. ఫ్లోరిడా కుర్రాడు డాన్ గార్లిట్స్ 1957లో క్వార్టర్ మైలులో 176.40 మైళ్ళ వేగం అందుకున్నాడన్న వార్త వస్తే కాలిఫోర్నియా వాళ్ళు గడియారం తప్పన్నారు. ఇస్కెండేరియన్ మాత్రం ఆ కుర్రాడికి క్యామ్‌లిచ్చి, డబ్బిచ్చి తనవైపు తిప్పుకున్నాడు. డ్రాగ్ రేసింగ్‌లో డ్రైవర్‌కు కంపెనీ డబ్బు కట్టి తన పేరు మోయించే పద్ధతికి అదే మొదలని చెబుతారు. తన కారుతో తాను గెలవడం ఎడెల్‌బ్రాక్ మార్గం. గెలిచేవాడిని వెతికి పట్టుకోవడం ఇస్కెండేరియన్ మార్గం.

దీన్నిబట్టి ఒకరు నిజాయితీపరుడు, ఇంకొకరు గోలమనిషి అని తీర్పు చెప్పడం సులువు. చాలామంది అలాగే చెప్పారు కూడా. నేను ఒప్పుకోను. ఇద్దరి జీవితాల్లోంచీ ఒక్కో ఘట్టం తీసి చూద్దాం.

ఎడెల్‌బ్రాక్ షాపులో ఇంజన్ బలం కొలిచే డైనమోమీటర్ ఉండేది. ఆ రోజుల్లో ఈ వ్యాపారంలో అది అరుదైన వస్తువు. మిగతావాళ్ళు కారెక్కి నడిపి, నడుము చెప్పినదాన్ని బట్టి బలం అంచనా వేస్తుంటే, ఈయన ఇంజన్‌ను బల్లకు బిగించి అంకె రాసుకునేవాడు. రాసుకున్నదే అమ్మేవాడు. ఇది ఆయన గొప్ప. దీనికి మచ్చుగా అందరూ చెప్పే కథ మాత్రం నాకు తిరగబడి కనిపిస్తుంది. యుద్ధం తర్వాత ఆయన మిడ్జెట్ కార్ల రేసుల్లోకి దిగాడు. అక్కడ రాజ్యం ఆఫెన్‌హౌసర్ ఇంజన్లది. వందకు కాస్త పైబడిన ఘనపు అంగుళాలే అయినా పుట్టుకతోనే రేసు ఇంజన్లు అవి. ఎడెల్‌బ్రాక్ కారులో ఉన్నది ఫోర్డ్ వి8-60, 136 ఘనపు అంగుళాల చవక ఫ్లాట్‌హెడ్. 1950 ఆగస్టు 10న లాస్ ఏంజెలెస్ గిల్మోర్ స్టేడియంలో రాడ్జర్ వార్డ్ ఆ కారు నడిపి ఆఫెన్‌హౌసర్లన్నిటినీ ఓడించాడు. మర్నాడు రాత్రి శాన్ బెర్నార్డినోలో మళ్ళీ ఓడించాడు. పోత మ్యానిఫోల్డ్ చేసే చిన్న షాపు రాజులను కూలదోసింది!

కూలదోసింది మ్యానిఫోల్డా, ట్యాంకులో పోసిన మందా? ఆ ట్యాంకులో నైట్రోమీథేన్ కలిపారు. ఈ ద్రవం తన అణువులోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది. కిలో పెట్రోలు కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, కిలో నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. అంటే అదే సిలిండర్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనం కాల్చవచ్చు. ఊపిరాడని ఫ్లాట్‌హెడ్‌కు ఇంతకన్నా మంచి మందు లేదు. దాన్ని పాళ్ళు తెలిసి వాడడానికి, పిస్టన్లు కరగకుండా చూసుకోవడానికి డైనమోమీటర్ మీద ఓపికగా చేసిన పని అసలైన ఇంజనీరింగే. బాబీ మీక్స్ లాంటి ఆయన షాపు మనుషుల చేతి పనితనం అందులో ఎంతో ఉంది. కానీ ఆ సంగతి గుట్టుగా ఉంచారు. చూసినవాళ్ళు మ్యానిఫోల్డ్ మీద పేరు చదివి ఇళ్ళకు వెళ్ళారు. ఎడెల్‌బ్రాక్ అబద్ధం ఆడలేదు, నిజమే. మాట్లాడకపోవడంతోనే ఆయనకు పని జరిగిపోయింది. కంటికి కనిపించే సరుకు చేసేవాడికి దొరికే సౌకర్యం ఇదే. కనిపించేదే గెలిపించిందని జనం వాళ్ళంతట వాళ్ళే అనుకుంటారు.

ఇప్పుడు ఇస్కెండేరియన్ ‘ఫైవ్-సైకిల్’ క్యామ్. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కు అయిదోది ఎక్కడిది? ఎక్కడా లేదు. పొగ తలుపూ గాలి తలుపూ రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ అన్ని రేసు క్యామ్‌లలోనూ ఉంటుంది. దాన్ని బాగా పెంచి, అదే ఒక కొత్త దశ అన్నట్టు పేరు పెట్టాడు. శాస్త్రం దృష్టిలో ఇది గడుసుతనం, అంతే. అయితే ఆ గడుసుతనం చేసిన ఒక మేలు నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. బడి సగంలో మానేసిన మెకానిక్ కుర్రాడు కూడా ఓవర్‌ల్యాప్ అంటే ఏమిటో, పొగ బయటికి పోతూ వెనక గాలిని ఎలా లాగుతుందో అడగడం మొదలుపెట్టాడు. ఇస్కెండేరియన్ ప్రకటనల పక్కనే వాల్వ్ టైమింగ్ పాఠాలు చెప్పాడు, దాని మీద చిన్న పుస్తకమే వేశాడు. క్యామ్ ఆకారాల లెక్కలకు కంప్యూటర్ వాడిన తొలి గ్రైండర్లలో ఆయన ఒకడు. కనిపించని సరుకును నమ్మించాలంటే లోపల ఏం జరుగుతుందో చెప్పక తప్పదు. కాస్త ఎక్కువ చేసి చెప్పాడు. కానీ చెప్పాడు.

ఈ చోట నేను ఇస్కెండేరియన్ పక్షం. ఎడెల్‌బ్రాక్ మ్యానిఫోల్డ్ కొన్నవాడికి మంచి మ్యానిఫోల్డ్ దక్కింది. ఇస్కెండేరియన్ ప్రకటన చదివినవాడికి, క్యామ్ కొన్నా కొనకపోయినా, కాస్త విద్య దక్కింది. పనితనమే కొలబద్ద అంటారా, అప్పుడు తక్కెడ ఎడెల్‌బ్రాక్ వైపే మొగ్గుతుంది. 1955లో షెవర్లే చిన్న వి-8 వచ్చినప్పుడు ఫ్లాట్‌హెడ్ మీద మమకారం పెట్టుకోకుండా దానికి మ్యానిఫోల్డ్‌లు చేయడానికి దిగిపోవడం, బల్లమీద అంకె ఏం చెబితే దానికి తలొంచడం, ఇవి అందరికీ చేతనయ్యేవి కావు.

సెమా విషయానికి వద్దాం. ఆ సంఘం పుట్టుకలో ఒక తమాషా ఉంది. బొమ్మ కార్ల కిట్లు చేసే రెవెల్ కంపెనీకి, కిట్‌లో పెట్టే స్టిక్కర్ల మీద రేసు సామాన్ల కంపెనీల పేర్లు వేసుకోవడానికి ఒక్కో షాపు చుట్టూ తిరగకుండా అందరితో ఒకేచోట మాట్లాడే వీలు కావాల్సివచ్చింది. సంఘం పెట్టండని వెనక నుంచి తోసినవాళ్ళలో ఆ కంపెనీ మనిషి ఒకడు. అంత చిల్లర అవసరంతో కదిలిన సంఘం చేసిన పని మాత్రం చిల్లరది కాదు. ఆ కాలపు డ్రాగ్ కార్లలో క్లచ్చులూ ఫ్లైవీల్‌లూ వేగం తట్టుకోలేక పగిలి, ముక్కలు డ్రైవర్ కాళ్ళలోకీ ప్రేక్షకుల్లోకీ దూసుకెళ్ళేవి. ఏ ముక్క ఎంత తట్టుకోవాలో నియమాలు రాసి, తట్టుకున్నదానికి ముద్ర వేయడం సంఘం మొదలుపెట్టింది. పేరున్న పోతా కాదు, పేరున్న టీషర్టూ కాదు, పరీక్ష ముద్ర. తన మాట మీదే బతికిన ఇస్కెండేరియన్ అధ్యక్షుడిగా ఉండగా ఈ సంఘం మొదలవడం నాకు వింతగా అనిపించదు. కొనేవాడు లోపలికి చూడలేడన్న సంగతి ఆయనకన్నా బాగా ఇంకెవరికి తెలుసు?

ఎడెల్‌బ్రాక్ కొడుకు, ఆయనా విక్కే, 1962లో పగ్గాలు పట్టేనాటికి వయసు 26, షాపులో మనుషులు పదిమంది. 1971 నుంచి 1974 దాకా సెమా అధ్యక్షుడు ఈయనే. సరిగ్గా అప్పుడే పొగ చట్టాలు మీదపడ్డాయి. 1970 నాటి గాలి శుద్ధి చట్టం తర్వాత, కంపెనీ ఇచ్చిన ఇంజన్‌ను ముట్టుకోవడమే నేరమయ్యే పరిస్థితి వచ్చింది. తండ్రి నేర్పిన కొలత అలవాటు కొడుక్కు అక్కరకొచ్చింది. పొగ పరీక్షలో నెగ్గి కాలిఫోర్నియా ప్రభుత్వం నుంచి అనుమతి నంబరు తెచ్చుకున్న మ్యానిఫోల్డ్‌లను మామూలు వీధి కార్లకు అమ్మి కంపెనీ పెద్దదైంది. క్యామ్ వాళ్ళకు ఆ దారి అంత తేలిక కాలేదు. ఇస్కెండేరియన్ ఊరంతా చాటిన ఓవర్‌ల్యాప్ ఉందే, కాలని పెట్రోలు పొగ గొట్టంలోకి జారిపోయేది అక్కడే. బలం ఇచ్చిన గుణమే చట్టం ముందు దోషిగా నిలబడింది. ఇక్కడా మనిషి కన్నా వస్తువే దారి నిర్ణయించింది.

ఎవరు గొప్ప అని నిలదీస్తే, మంచి ముక్క చేసింది ఎడెల్‌బ్రాక్, ఆ ముక్కలమ్మే పరిశ్రమను చేసింది ఇస్కెండేరియన్ అంటాను. రేసు కారు ఒంటినిండా కంపెనీ పేర్లు, డ్రైవర్ చొక్కా మీద పేర్లు, ఏటా లాస్ వేగాస్‌లో జరిగే సెమా ప్రదర్శన — వీటి వెనక ఉన్నది మ్యానిఫోల్డ్ వాడి బుద్ధి కాదు, క్యామ్ వాడి బుద్ధి. కంపెనీల సంగతికొస్తే, ఎడెల్‌బ్రాక్ సంస్థ 1994లో షేర్ల మార్కెట్‌కు వెళ్ళింది, 2004లో తిరిగొచ్చింది, చివరికి 2020లో కాంప్ క్యామ్స్ ఉన్న గ్రూపుతో కలిసిపోయింది. అంటే ఆ పేరు ఇవాళ ఇస్కెండేరియన్‌కు పోటీగా క్యామ్‌లు అమ్మే ఇంట్లో ఉంది. ఇస్కెండేరియన్‌కు 2021 జులైలో నూరేళ్ళు నిండాయి. ఆయన కంపెనీ మాత్రం ఎవరిలోనూ కలవకుండా, గార్డెనాలో ఆ కుటుంబం చేతుల్లోనే ఉండిపోయింది.